పక్క తోటలో రాలిన రేగుపండ్లు

హిందూపురం మండీలో వ్యాపారి మా గంపలోంచి ఒక పండు తీసి కత్తితో కోశాడు. లోపల తెల్లటి పురుగు కదిలింది. ఇంకొకటి కోశాడు. అందులోనూ పురుగే.

"ఏమవ్వా, పురుగులను మేపుతాండావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గంపలన్నీ వెనక్కి తెచ్చుకున్నాము.

పెనుకొండ దగ్గర మాది ఆపిల్ రేగు తోట. ఆ ఏడాది మాకు వేరే పంట లేదు. ఇంటికి రాగానే నా కొడుకు మందు డబ్బా తీశాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇప్పటికే రెండు తూర్లు కొట్టినావు. పురుగు పండు లోపల కూర్చోనుంటే మందు పైన కారిపోతాంది. ఎవురికి తాపుతాండావురా, మట్టికా?"

"మరేం చేయమంటావుమా?"

పండు ఈగ అని ఒకటుంది, అది పండును పొడిచి లోపల గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లే పురుగులవుతాయి. ఆ పండు రాలితే పురుగు మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై లేస్తుంది. రాలినవాటిని ఏ రోజుకారోజు ఏరి లోతుగా పూడిస్తే చాలు, పైసా ఖర్చు లేదు. మా చెట్ల కింద నేను ఒక్క పండూ ఉంచను. మరి ఈగ ఎక్కడిది? కంచె అవతలికి చూస్తే తెలిసింది. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఆయన అవతలి రేగుతోట కొని, గేటుకు తాళం వేసి పోయాడు. కోసే దిక్కు లేక పండ్లన్నీ రాలి కుళ్లుతున్నాయి. ఫోన్ చేస్తే "చూద్దాంలేమ్మా" అనడమే.

మర్నాడు కంచె సందులోంచి చెయ్యి పెట్టి, అందినన్ని కుళ్లు పండ్లు సంచిలో వేసుకుని ధర్మవరం బస్సెక్కాను. అంగట్లో తెల్లటి పరుపు మీద చీరలు పరిచి ఉన్నాయి. వాటి పక్కనే సంచి బోర్లించాను.

"ఏయ్, ఏమవ్వా ఇది! పట్టుకు మరక పడ్తాది, తీయ్!"

"నీ తోటవే నాయనా. పురుగు నీ చీరకాడికి వస్తే ఎగిరి లేచినావే! మా తోటలోకి వస్తాంటే చూద్దాంలే అంటివి."

చీరలకు వచ్చిన పెండ్లివాళ్లు లేచి పక్కకు జరిగారు. ఆయన ముఖం మాడిపోయింది.

"మందు ఖర్చు నేనిస్తాలే, పో అవ్వా."

"నీ మందు ఎవురికి కావల్ల? మనిషిని పెట్టి రాలినవి ఏరించు."

"ఆడికి మనిషిని యాడ తెచ్చేది? నువ్వే ఏరుకో" అంటూ గల్లాపెట్టెలోంచి గేటు తాళంచెవి తీసి నా ముందు పడేశాడు.

తెచ్చుకున్నాను. తేకపోతే చెట్ల మీద మిగిలిన కాయ కూడా పోతుంది. అప్పటినుంచి పొద్దున మా తోట, సాయంత్రం ఆయన తోట. మొన్న కోసిన మా కాయలో పురుగు లేదు. మండీ వ్యాపారి రెండు పండ్లు కత్తితో కోసి చూసి తూకం వేశాడు. "ఇంకేం, కోపం తగ్గించుకోమా" అంటాడు నా కొడుకు. ఎట్లా తగ్గుతుంది? నడుము వంచి ఆయన పండ్లు గుంతలో వేసిన ప్రతిసారీ ఆ తెల్ల పరుపే కళ్లలో మెదులుతుంది. ఆ రోజు ఇంకో సంచి కూడా తీసుకుపోయి ఉండవలసింది.