బోధన్ బస్సులో జాంబియా

మూతబడ్డ చక్కెర మిల్లు చూడటానికి బోధన్ వెళ్తున్నానంటే మా ఇంట్లో నవ్వారు. పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కి, పదింటికల్లా నిజామాబాద్‌లో దిగాను. బస్టాండులో ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీ నీళ్ళే. బోధన్ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, సీటు మాత్రం కష్టార్జితం.

పక్క సీటులో ఎడపల్లి యువకుడు నరేష్. జాంబియాలో ఒక చక్కెర మిల్లులో పాకం కాస్తాడు. తండ్రి మోకాలి ఆపరేషన్‌కు సెలవు మీద వచ్చాడు. బోధన్ మిల్లులో అదే పని చేసిన తండ్రి, మిల్లు మూతబడ్డాక విద్యంతా కొడుక్కి నేర్పి పంపాడట.

“ఆడ గూడ మన లెక్కనే అక్క,” అన్నాడు. “సదువుకున్న పోరగాండ్లు పొద్దుగాల గేటు కాడ నిలవడతరు. ఒక్కనికి కూలి దొరికితె ఇంటిల్లాది తింటరు. పెండ్లి గావాలంటె పిలగాడే పిల్ల ఇంటోళ్లకు ఆవులియ్యాలె. నౌకరి లేకుంటె ఆవులేడికెల్లొస్తయి?”

అతని కింద పనిచేసే మోజెస్ అలాంటివాడే. ఈ సెలవుల్లో పాకం మోజెస్‌కు అప్పజెప్పారు. ఒంటరిగా చేయగలిగితే ఉద్యోగం అతనికే ఇస్తారు, నరేష్ పర్మిట్ పొడిగించరు. అందుకే పాకంలో చక్కెర పలుకు ఎప్పుడు కట్టిందో వేళ్ళతో పట్టి చూసే కిటుకు ఒక్కటి చెప్పొద్దని తండ్రి ఒట్టు వేయించుకున్నాడు.

జానకంపేట దాటాక మోజెస్ నుంచి వీడియో కాల్ వచ్చింది. నరేష్ ఆ పేరు చూస్తూ కూర్చున్నాడే గానీ ఎత్తలేదు. ఎడపల్లిలో దిగేటప్పుడు కూడా ఫోన్ మోగుతూనే ఉంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

బోధన్‌లో మిల్లు గేటుకు తాళం, లోపల తుప్పు, పిచ్చిచెట్లు. ఎదురుగా టీ కొట్టులో నలుగురు కుర్రాళ్ళు దుబాయ్ వీసాల గురించి మాట్లాడుకుంటున్నారు. మిల్లు నడుస్తుండగా చూశారా అని అడిగాను.

“సైరన్ ఇన్నం మేడం. లోపల్కి పోలే,” అన్నాడొకడు.

జొన్నరొట్టె, పప్పు తిని నాలుగింటి బస్సెక్కాను. ఎడపల్లిలో మళ్ళీ నరేషే ఎక్కాడు. నిజామాబాద్‌లో వీసా ఏజెంటును కలవాలట.

“ఫోన్ ఎత్తావా?” అన్నాను.

“నేనెత్తలే అక్క. ఇంటికి పోయినంక మల్ల మోగితె బాపు ఎత్తిండు. పాకం పాడైతున్నది సూసిండు, ఇగ ఆగలే. నాతోని ఒట్టేయించుకున్నది గూడ మర్సిపోయిండు. వేళ్లు సూపిచ్చుకుంట, గిట్ల వట్టు, గిట్ల తియ్యి అని తెలుగులనే చెప్పిండు. గంటసేపట్ల పలుకు కట్టింది.”

“మరి నీ ఉద్యోగం?”

“పోయినట్టే.”

జాంబియా నేను చూడలేదు. ఆ గేటు ముందు నిలబడే పిల్లలు మాత్రం బోధన్ టీ కొట్టులోని వాళ్ళలాగే ఉంటారనిపించింది. ఒకడికి పని దొరకాలంటే ఇంకొకడిది పోవాలా అని బాధేసింది.

నిజామాబాద్‌లో దిగుతూ అతనే అన్నాడు:

“‘నీకంటె మోజెస్సే జల్ది నేర్సిండుర’ అని నాతోని అనుకుంట బాపు మస్తు ఖుషీగున్నడక్క.”