వడియాల మీద ఓనమాలు

గవర్నర్‌పేటలో మా మనవరాలు వెళ్లే ప్లేస్కూల్లో అడుగు పెట్టగానే జిగురూ కొత్త చెక్కా కలిసిన వాసన వస్తుంది. అక్కడ అక్షరాలు చెక్క పలకల మీద గరుకు కాగితంతో చేసి అతికించి ఉంటాయి. పిల్లలు వాటిని వేలితో తడుముతూ పలుకుతారు. అక్షరం ముందు చేతికి తెలిస్తే కంటికి తనంతట తనే తెలుస్తుందండీ, ఇది కొత్త పద్ధతి అని టీచరమ్మ ఓపిగ్గా వివరించింది. నేనూ ఓపిగ్గానే విన్నాను. ఉయ్యూరులో మా ఇంట్లో అక్షరం ముందు నాలుక్కి తెలిసేది.

చిన్నప్పుడు నాకు పలకా బలపం ఇస్తే పలక పక్కనబెట్టి బలపం తినేవాణ్ణి. పెట్టె ఖాళీ అయ్యింది గానీ ఒక్క అక్షరమూ రాలేదు. తినేవాడికి తినేవే పెడదామని మా నాయనమ్మ తీర్మానించింది. ఎండలు ముదిరి, చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి చెరుకు పులిసిన వాసనతో వడగాలి కొట్టే రోజుల్లో, ఆవిడ తెల్లారకముందే బియ్యప్పిండి జావ కాచి, పచ్చిమిరపకాయలూ జీలకర్రా నూరి కలిపి, డాబా మీద తడిపంచె పరిచి, జంతికల గొట్టంతో వడియాలు పెట్టేది. ఆ ఏడాది చుట్టలకు బదులు అక్షరాలు పెట్టింది. పంచెకి అవతలి కొసన, పిట్టగోడ నీడలో, నేను కర్ర పట్టుకుని కాకుల్ని తోలేవాణ్ణి. మధ్యాహ్నానికి అంచులు గట్టిపడి, నడుమ ఇంకా మెత్తగా, ఉప్పుప్పగా ఉండే ఆ సగం ఎండిన వడియం కోసం ఏ చదువైనా చదవచ్చు. పేరు చెబితే అక్షరం నాకు, చెప్పలేకపోతే కాకికి. అ, ఆల కన్నా ఋ, ౠల మీద నాకు గౌరవం ఎక్కువ. వాటికి పిండి ఎక్కువ పట్టేది. సున్న ఒక్క కొరుకే. ఎండాకాలం అయ్యేసరికి అచ్చులూ హల్లులూ నాకు బాగానే వంటబట్టాయి.

మా అక్క బడికి వెళ్లే రిక్షాలో, సీటుకెదురుగా వేసిన చెక్క మీద ఒక చోటు ఖాళీగా ఉండేది. నాకు చదువు మీద కన్నా ఆ చెక్క మీద ఆశ. ఆ బడి హెడ్మాస్టరు గారు రాసిన అక్షరాలు చదివితే ఈ ఏడే రిక్షా, లేకపోతే ఇంకో ఏడాది కాకులు.

బడికి నాయనమ్మే తీసుకెళ్లింది. "అన్నీ వచ్చు మేష్టారూ. తినేశాడు కూడాను," అంది.

ఆయన దాని అర్థం అడక్కుండా బోర్డు మీద వరసగా నాలుగక్షరాలు రాశారు. అవి నేనెన్నడూ ఎరగనివి. నాయనమ్మ గొంతు సవరించుకుంది, హెడ్మాస్టరు గారు సుద్దముక్క కింద పెట్టేశారు, రిక్షాలో నా చోటు మెల్లగా వేరేవాడిదవుతోంది. ఎక్కడో చూసినట్టు మాత్రం ఉంది. తల కాస్త పక్కకి వంచితే కొంచెం తెలిసినట్టయింది, ఇంకాస్త వంచితే ఇంకాస్త. చివరికి బోర్డుకి వీపు పెట్టి, నడుం వంచి, కాళ్ల సందులోంచి చూసి నాలుగూ గడగడా చదివేశాను.

హెడ్మాస్టరు గారు కాసేపు నన్నూ బోర్డునీ మార్చి మార్చి చూశారు. "బోర్డు తిప్పడం మావల్ల కాదండీ," అన్నారు నాయనమ్మతో. "మీవాణ్ణే తిప్పుతాం. రేపట్నించి పంపించండి."

ఇంటికొచ్చాక నాయనమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఇటు నేను కూచుంటే అటు నువ్వు కూచున్నావు కదరా," అంది. మరుసటి ఏడు నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆ ఏడాది కాకులు బాగుపడ్డాయి.

నాయనమ్మ లేదిప్పుడు. డాబా నిండా నీళ్ల ట్యాంకులూ ఏసీ డబ్బాలూ. వడియాలు ప్యాకెట్లలో, ఒక్కటీ చదవడానికి వీల్లేకుండా, గుండ్రంగా వస్తున్నాయి. ఆవిడ నేర్పిన తలకిందుల చదువు మాత్రం నన్ను వదల్లేదు. ఆఫీసుల్లో బల్లకి అవతలున్నాయన నా కాగితం మీద రాయడం పూర్తి చేసేలోపే ఆయన ఏమనబోతున్నాడో నాకు తెలిసిపోయేది. గుడివాడ ప్యాసింజర్లో ఎదుటాయన ఒళ్లో మడిచిన పేపరు ఆయన కన్నా ముందే ముగించి, ఎప్పుడు తిప్పుతాడా అని మర్యాదగా కాచుకునేవాణ్ణి. మొన్న అదే బండెక్కితే పెట్టె మొత్తమ్మీద ఒక్కరి ఒళ్లోనూ పేపరు లేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. వెలుగంతా వాళ్లవైపు, వాటి వీపులన్నీ నావైపు.