ఒక కన్ను, రెండు ధరలు

మా నాయన ఎద్దుల దళారి. సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పాడంటే దానికి తిరుగులేదు. అలాంటి మనిషి పోయిన ఏడు ఒక ముసలి ఎద్దును నాలుగు పళ్ల లేత ఎద్దని చెప్పి ఒక రైతు చేత కొనిపించాడు. ఆ రైతు మరుసటి వారమే దాన్ని తోలుకొచ్చి, మా వాకిట్లో కట్టేసి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

నాయన కుడికన్ను వయసులోనే కొమ్ము తగిలి పోయింది. ఉన్నదొక్కటే ఎడమ కన్ను, దానికిప్పుడు శుక్లం. ఆ రోజు నుంచి సంతకు పోవడం మానేశాడు. బేరం లేని మా నాయనను చూస్తే నాకు భయం వేసింది.

ఓర్వకల్లు దగ్గర ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డులో నాయన పేరు కూడా ఉంది. ఇంకేం, కర్నూల్లో కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. కౌంటర్లో మనిషి మొదట అడిగింది పేరు కాదు, జబ్బు కాదు, "కార్డుందా?" అని. నేను దర్జాగా తీసి బల్ల మీద పెట్టాను.

"ఆపరేషనుకు ఎంతప్పా?" అన్నాడు నాయన.

"మీకెందుకు పెద్దాయనా? అంతా కార్డులో పోతాది."

"కార్డు లేనోళ్లకు ఎంత?"

"మీకు ఉండాది కదా!"

నాయన లేచి చెప్పులు వేసుకున్నాడు.

"యాడికి పోతాండావు నాయనా?"

"ధర తెగకుండా ఎద్దు పలుపు పట్టుకునేది మా దళారుల్లో లేదు. ధర చెప్పకుండా కంట్లో చుక్కలు ఎట్ల వేపిచ్చుకునేది?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఊరికే వచ్చేదానికి బేరమేంది?" అని అందరి ముందే అరిచాను.

"ఊరికే వచ్చిన ఎద్దును ఇంతవరకు చూడలేదమ్మా," అన్నాడు.

కౌంటరు మనిషి పక్కనున్న మేనేజరును ఓరగా చూశాడు. మేనేజరు ముందు ఆ కౌంటరు మనిషి పైకి చెప్పలేడని నాయనకు అర్థమైపోయింది. భుజం మీది తువ్వాలు తీసి అతని చేతి మీద కప్పి, కింద వేళ్లు పట్టుకున్నాడు. మా సంతల్లో ధర నోటితో చెప్పరు. పక్కవాళ్లకు తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. ఆసుపత్రిలో కూడా అంతే అనుకున్నాడు మహానుభావుడు! వెనక వరసలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అతను మాత్రం చేయి లాక్కోలేదు. "మాది ఆలూరు పక్కన పల్లె పెద్దాయనా. మా తాతదీ ఇదే పని," అని మెల్లగా అన్నాడు. తువ్వాలు కింద వేళ్లు కదిలి ఆగాయి. మళ్లీ కదిలాయి. రెండోసారికి నాయన కనుబొమలు నుదుటి మీదికి పోయాయి.

"పామ్మా, చేపిచ్చుకుంటా," అన్నాడు.

"ఎంతన్నాడు?"

"తువ్వాలు కింది మాట పైన చెప్పకూడదు."

కార్డు నాది, ధర తెలిసింది ఆయనకు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎంత బతిమాలినా ఒక్క ముక్కే చెప్పాడు.

"కార్డు లేనోళ్లకు దూడ ధర, ఉన్నోళ్లకు ఎద్దు ధర. కన్ను అదే."

"మన చేతిలోంచి పోదు కదా."

"మరి యాడి నుంచి పోతాదమ్మా?"

ఆ సాయంత్రమే ఆపరేషను చేసేశారు.

మర్నాడు కట్టు విప్పారు. నాయన గోడ గడియారం చూసి టైము చెప్పాడు. కిటికీలోంచి చూసి బస్సు బోర్డు చదివాడు. డాక్టరు నవ్వితే ఆయన పళ్లకేసి పరీక్షగా చూడసాగాడు. వయసు చెప్పేస్తాడేమోనని మోచేత్తో పొడిచాను. సంతోషంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆటోలో కూర్చున్నాక అడిగాడు: "ఆ కార్డుకు నీ జీతంలో ఎంత పట్టుకుంటారమ్మా?"

"పట్టుకుంటారు గానీ, ఎంతో తెలియదు నాయనా. ఎప్పుడూ చూసుకోలేదు."

"నువ్వు పనిలో చేరి శానా ఏండ్లాయ కదా?"

"అవును."

నాయన నల్ల కళ్లద్దాలు సర్దుకుని నన్ను తేరిపార చూశాడు.

"నా కన్ను బాగయింది. ఇంగ నీ కండ్లు ఎప్పుడు చూపించుకుంటావమ్మా?"