పిన్ని లేదని చెప్పమన్నప్పుడు

అశోక్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న వీసా కన్సల్టెన్సీ. ఏజెంటు నా ఐదేళ్ల కూతురి ముందు వంగి, "ఎవరన్నా అడిగితే ఊర్లు చూడనీకి పోతున్నం అనాలె. అక్కడ మా పిన్ని ఉన్నదని అస్సలు చెప్పొద్దు, సరేనా బేటా?" అన్నాడు. అది తల తిప్పి నా మొహంలోకి చూసింది. నాకు భయం వేసింది అప్పుడే.

జర్మనీలో ఉన్న మా చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. బాలింతకు నీళ్లు పోయడం, పసిబిడ్డకు స్నానం చేయించడం మా వైపు తల్లి పని. మాకు అమ్మ లేదు కాబట్టి అది నా పని. నాకు వీసా రాకపోతే దానికి వాళ్లాయన ఒక్కడే తోడు. ఆయనకు చారు పెట్టడం కూడా రాదు.

ఏజెంటు లెక్క వేరు. "చెల్లె ఉన్నదంటే మీరు అక్కడ్నే ఉండిపోతరని అనుమానపడ్తరు అక్కా. టూరిస్టు వీసా అయితే పరేషాన్ లేదు. హోటల్ బుకింగ్ నేను పెడ్త, వీసా రాంగనే క్యాన్సిల్ చేస్త. అందరు ఇట్లనే పోతున్నరు."

పక్కనే కూర్చున్న మావారు తలూపారు. నేను మాత్రం ఆలోచించుకొని వస్తామని చెప్పి, పాస్‌పోర్టులు సంచిలో పెట్టుకొని, మూడేళ్ల బాబును ఎత్తుకున్నాను. చిక్కడపల్లిలో ఇంటికి చేరగానే చెల్లెలికి ఫోన్ చేశాను.

"నాకన్నా ముందు నా కడుపే కనబడ్తున్నది. నన్ను ఎక్కడ దాస్తరే?" అని నవ్వింది. తర్వాత గొంతు మార్చి అంది: "అబద్ధం దొరికితే నిన్ను మళ్ల ఎన్నడన్నా రానిస్తరా అక్కా?"

ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైటు నేనే చదివాను. బంధువులను చూడటానికి వెళ్లడం అన్నది వేరే కారణంగా స్పష్టంగానే ఉంది. చెల్లెలు అక్కడి నుంచి ఆహ్వాన పత్రం పంపింది. అక్కాచెల్లెళ్లమని చూపే కాగితాలు, మావారి ఆఫీసు లెటరు, పాప స్కూలు సెలవు చీటీ జత చేశాను. కాన్పు తర్వాత చెల్లెలికి తోడుండి తిరిగి వస్తానని ఉన్నది ఉన్నట్టు రాశాను.

మావారు చదివి, "తోడు అన్న ముక్క తీసెయ్యి. పనికి పోతున్నవ్ అనుకుంటరు" అన్నారు.

"నీళ్లు పోస్తే అది నాకు జీతమిస్తదా?"

లోపలి నుంచి అత్తమ్మ, "జీతం గాదు, నీళ్లు కాల్తున్నయని తిట్లిస్తది" అంది.

ఆ ముక్క తీయకుండానే కాగితాలు వీసా సెంటర్‌లో ఇచ్చి వచ్చాక, కాలింగ్‌బెల్ మోగినప్పుడల్లా తలుపు దగ్గరికి పరుగెత్తేదాన్ని. నిన్న నారాయణగూడ మార్కెట్ నుంచి కూరగాయలతో వచ్చేసరికి కొరియర్ వచ్చి ఉంది. ముగ్గురి పాస్‌పోర్టుల్లోనూ వీసా ఉంది. నేను, పాప, బాబు. మెట్ల మీదే కూర్చుండిపోయాను. అత్తమ్మ అప్పుడే బాలింతకు పెట్టే కాయం మందు మూట కట్టడం మొదలుపెట్టింది. "సాంబ్రాణి పొగ మాత్రం వెయ్యకు. అక్కడ ఫైరింజన్ వస్తదట."

చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాను. పొద్దున పిల్లలకు పాలిస్తూ చెప్పాను: "మనం పిన్ని దగ్గరికి పోతున్నం. ఎవరడిగినా గట్లనే చెప్పండి. పిన్ని లేచి తిరుగంగనే వాపస్ వస్తం. నాన్న, నాయనమ్మ ఇద్దరే ఉంటరు గదా."