కొసరు మాట

మైకు చేతిలో లేకపోతే మా బావ బెల్లంకొట్టిన రాయి. పెళ్లైన కొత్తలో మా అక్క పుట్టింటికి వచ్చి, "ఆయనకి అసలు మాటలొస్తాయో రావో ఎవరైనా కనుక్కోండే" అని నా దగ్గర మొరపెట్టుకుంది. ఆ మర్నాడు పొద్దున్నే మా వీధి మొదట్లో ఒక వ్యాన్ ఆగింది. "శ్రద్ధగా వినండి, శ్రద్ధగా వినండి" అంటూ నిండుకుండలాంటి గొంతు గోడలు దాటుకుని లోపలికి వచ్చింది. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి నోరు వెళ్లబెట్టింది. అంత గొంతు పెట్టుకుని ఇంట్లో మూగనోము పట్టాడని ఆ పూటంతా దెప్పుతూనే ఉంది.

మా బావది ఫర్నిచర్ షాపులో ప్రచారం పని. నేనూ అదే షాపులో బిల్లులు రాస్తాను. వ్యాన్ మీద రెండు లౌడ్‌స్పీకర్లు, లోపల స్టీరింగ్ పక్కన కొక్కేనికి మైకు. వీధి మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, చివర ఒకసారి, సోఫాల గురించీ మంచాల గురించీ చెప్తాడు. చివరిసారి అయ్యాక ఒక మాట కలుపుతాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు కొసరు. ఎవరి తాళంచెవులో పార్కు బెంచీ మీద దొరికాయనో, ఫలానా ఇంటివాళ్ల పార్సిల్ పొరపాటున పక్కింట్లో ఇచ్చారనో, కరెంటు పోతుందనో, ఏదో ఒకటి. కొసరు చెప్పమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. జనం మాత్రం ఆ కొసరు కోసం చెవి కోసుకునేవారు. కనీసం నేనలా అనుకునేదాన్ని.

మోకాళ్ల నొప్పులతో మా ఓనరు పెద్దాయన ఇంటిపట్టున ఉండిపోయాక షాపు ఆయన కూతురి చేతికి వచ్చింది. మేం ఓనరమ్మ అంటాం. చెడ్డది కాదు, చెప్పదలుచుకున్నది మొహం మీదే చెప్తుంది. ఒకరోజు మా ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"మైకన్నా, కోపం తెచ్చుకోకండి. జనం మీ కొసరు వింటున్నారు గానీ మన సోఫా వినట్లేదు. ఇప్పుడు ప్రచారమంతా ఫోన్లోనే. డిజిటల్ మార్కెటింగ్ మీద పెద్ద సదస్సు జరుగుతోంది, రెండు పాసులు తీసుకున్నాను. ఇద్దరూ వెళ్లి రండి. మీకు ఆ పని పట్టుబడితే అదే మీకిస్తాను. లేదంటే మైకు తీసేసి వ్యాన్‌ని డెలివరీకి పెడదాం. మీ జీతానికి ఏ ఢోకా లేదు."

బావ తలూపాడు. ఆయన మాట్లాడినట్టు లెక్క.

"జీతం పోదన్నారుగా, ఇంకేం బెంగ?" అంది అక్క ఆ సాయంత్రం. బావ చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. కాసేపటికి అదే చొక్కాని మళ్లీ ఇస్త్రీ చేశాడు. అక్క నావైపు చూసింది. పోయేది మైకు అని మా ఇద్దరికీ తెలుసు. అది పోతే ఈ మనిషికి ఇక నోరనేది ఉండదని కూడా తెలుసు.

సదస్సు ఒక పెద్ద హోటల్లో. గుమ్మంలోనే మా మెడల్లో తాడుతో ఒక్కో కార్డు వేశారు. లోపల చలి ఎముకలు కొరుకుతోంది. అందరూ మాకంటే చిన్నవాళ్లే, అందరి ఒళ్లోనూ ల్యాప్‌టాప్‌లే. బావ నన్ను తిన్నగా రెండో వరసకి తీసుకుపోయి కూర్చోబెట్టాడు. జనమంతా తెర వైపు చూస్తుంటే ఆయన మాత్రం మూలనున్న సౌండు బాక్సుల్ని చూస్తున్నాడు.

"ఎడం పక్కది కీచుమంటోంది" అన్నాడు నా చెవిలో.

"బాక్సులు బాగుచెయ్యడానికి రాలేదు బావా. ఆ అబ్బాయి చెప్పేది వినండి."

ఆ అబ్బాయి అంటే వేదిక మీద మాట్లాడుతున్న వక్త. తెల్ల బూట్లు, నవ్వు మొహం, అటూ ఇటూ తిరుగుతూ చెప్తున్నాడు. "అందరికీ చెప్పాలనుకోకండి. కావలసినవాళ్లెవరో కనుక్కుని వాళ్లకే చెప్పండి. మిగతావాళ్ల జోలికి పోకండి" అన్నాడు. నేను బుద్ధిగా రాసుకున్నాను. బావ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు సగం మూశాడు. పని అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను.

తర్వాత వక్త తెర మీద ఇంకోటి చూపించాడు. ఒక ప్రకటన ఎంతమంది చూశారు, ఏ మాట దగ్గర ఎంతమంది వదిలేసి పోయారు, చివరిదాకా విన్నవాళ్లు ఎంతమంది, అన్నీ రంగు గీతల్లో కనపడుతున్నాయి. బావ ఒక్కసారిగా ముందుకి వంగాడు.

"చివరిదాకా విన్నారో లేదో తెలిసిపోతుందా?"

"తెలుస్తుంది బావా. అక్కడ చూపిస్తున్నాడుగా."

ఆయన మొహం చూసి నా నోట్లో ఉన్న వేళాకోళం నోట్లోనే ఉండిపోయింది. చిన్నపిల్లాడికి ఎప్పటినుంచో దాచిపెట్టిన డబ్బా మూత తీసి చూపిస్తే ఎలా చూస్తాడో, అలా చూస్తున్నాడు.

భోజనాల దగ్గర బావ నాతో మాట్లాడినంత మాట అంతకుముందు ఏడాది మొత్తం కలిపినా మాట్లాడి ఉండడు. "నా వ్యాన్ ముందుకి పోతుంది, నా మాట వెనకపడుతుంది. తిరిగి చూసే వీల్లేదు, దారి చూసుకోవాలిగా. ఎవరైనా విన్నారో, కిటికీలు మూసేసుకున్నారో నాకు ఏనాడూ తెలీలేదు. మైకులో చెప్పే మాటకి కూడా అలా తెలుసుకునే దారేదైనా ఉందేమో ఆయన్ని అడుగుతాను." అని కంచం ముందు పెట్టుకుని ఆ ప్రశ్ననే పెదాల మీద మననం చేసుకున్నాడు. కూర చల్లారిపోయింది.

మధ్యాహ్నం మాటలయ్యాక ప్రశ్నలుంటే అడగమన్నారు. బావ చెయ్యెత్తాడు. ఒకమ్మాయి మైకు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

అక్కడే కొంప మునిగింది. మా బావ జీవితంలో మైకు పట్టుకుని ప్రశ్న అడిగింది లేదు. ఎదురుగా మొహాలు చూస్తూ మైకులో మాట్లాడిందీ లేదు. అలవాటైన చెయ్యి మైకుని రెండుసార్లు తట్టింది. అలవాటైన గొంతు లేచింది.

"శ్రద్ధగా వినండి, శ్రద్ధగా వినండి. మీ ఇంటికి అందం, మీ నడుముకి సుఖం. సోఫాలు, మంచాలు, డైనింగ్ టేబుళ్లు..."

హాలు గొల్లుమంది. నేను చొక్కా అంచు పట్టుకుని లాగాను. ఆయనకి స్పృహ లేదు. కళ్లు మూసుకున్నాడు, బహుశా వీధి కనపడుతూ ఉంటుంది. ఒకసారి అయింది, రెండోసారి అయింది, మూడోసారీ అయింది. నవ్వులు పెరుగుతున్నాయి, కొందరు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. అయినా కొసరు మాత్రం మానలేదు. "బయట మెట్ల దగ్గర ఎవరిదో నల్ల గొడుగు ఉండిపోయింది. ఎవరిదైతే వాళ్లు వెళ్లేటప్పుడు తీసుకోగలరు" అన్నాడు. అప్పుడు కళ్లు తెరిచాడు.

వక్త మంచివాడే. నవ్వాపుకుని, "గొంతు బ్రహ్మాండంగా ఉంది బాబాయ్. మీ ప్రశ్నేంటో చెప్పండి" అన్నాడు.

బావ మైకు ఆ అమ్మాయికి తిరిగిచ్చేశాడు. "ఏం లేదండి" అని కూర్చున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆ నవ్వినవాళ్ల మీద ఒళ్లు మండింది, ఎందుకో వాళ్ల తప్పు కాదని తెలిసినా మండింది. అందరూ వెళ్లిపోయాక మేం బయటికి వచ్చాం. నల్ల గొడుగు మెట్ల దగ్గర అలాగే ఉంది. బావ దానికేసి ఒకసారి చూసి తలవంచుకుని మెట్లు దిగాడు. బస్సులో ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

మర్నాడు ఓనరమ్మ ఏం నేర్చుకున్నారని అడిగింది.

"ఆ పని నాకు రాదమ్మా. మా మరదలికి వస్తుంది, తనకివ్వండి" అన్నాడు.

తనే వ్యాన్ ఎక్కి లౌడ్‌స్పీకర్లు విప్పాడు. మైకుని తువ్వాల్లో చుట్టి గోడౌన్‌లో బీరువా మీద పెట్టాడు. కొక్కెం మాత్రం పీకలేదు.

ఫోన్ ప్రచారం నా చేతికి వచ్చింది. అబద్ధమెందుకు, పని నాకు నచ్చింది. సోఫా కొనాలనుకునే వాళ్ల ఫోన్లలోకే మా సోఫా వెళ్లి కూర్చునేది, షాపుకి మనుషులొచ్చేవారు, ఓనరమ్మ మెచ్చుకునేది. ఎవరు చివరిదాకా చూశారో సాయంత్రం నాకు తెలిసిపోయేది. అది చూసినప్పుడల్లా బావ గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టేసేదాన్ని. ఆయన అవే వీధుల్లో కిమ్మనకుండా మంచాలు దించి వస్తున్నాడు. ఇంట్లో అక్క ఇదివరకు దెప్పినట్టు దెప్పడం కూడా మానేసింది.

ఒకరోజు కొత్త మంచం ఒకటి చేరవేస్తుంటే ఫొటోలు తీసుకుందామని నేనూ వ్యాన్ ఎక్కాను. ఆ వీధి మొదట్లో రోడ్డు తవ్వుతున్నారు. పనివాడొకడు బావని గుర్తుపట్టి, "మైకన్నా, పైపు పగిలింది, మధ్యాహ్నం నుంచి నీళ్లు రావు, కాస్త చెప్పండి" అన్నాడు. బావ చెయ్యి తనంతట తనే కొక్కెం దగ్గరికి వెళ్లింది. ఖాళీ కొక్కెం తగిలి వెనక్కి వచ్చింది. బండి ముందుకి పోనిచ్చాడు.

మంచం దించి బయల్దేరుతుంటే ఎదురింట్లోంచి ఒకావిడ చీర చెంగుకి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి వ్యాన్‌కి అడ్డం నిలబడింది.

"మీరేనా అండీ మైకులో చెప్పేది? ఒక్కసారి లోపలికి రండి. మా అమ్మ మంచం దిగలేదు, ఏళ్లయింది. మీ గొంతు వినపడట్లేదని, ఆ మనిషి పోయాడేమో కనుక్కోమని నా ప్రాణం తీస్తోంది. బతికే ఉన్నారు, వీధిలో చూశానంటే నమ్మదు."

బావ నావైపు చూశాడు. నేను ముందు దిగాను.

కిటికీ పక్కన మంచం మీద ముసలావిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బావని కిందనుంచి పైదాకా చూసింది. ఎన్నడూ చూడని మనిషాయె.

"నువ్వేనా?" అంది.

బావ తలూపాడు. ఎదురుగా మొహం ఉంటే ఆయనకి మాట రాదు కదా.

"ఎవరైనా వచ్చి నేనే అంటారు. చెప్పు చూద్దాం" అందావిడ, కళ్లు మూసుకుని.

ఆవిడ కళ్లు మూసుకోవడం మంచిదయింది. బావ గుప్పెడు నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆ చిన్న గదిలో గొంతు సగానికి తగ్గించి, "శ్రద్ధగా వినండి, శ్రద్ధగా వినండి" అని మొదలుపెట్టాడు. ఒకసారి సోఫాలు, మంచాలు అన్నీ అయ్యాయి. రెండోసారి మొదలుపెట్టబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉన్న మంచం దిగలేక ఛస్తున్నాను, నాకు సోఫాలెందుకు నాయనా. కొసరు చెప్పు."

ఆయన దానికి కొసరని పేరు పెట్టుకున్న సంగతి మా ఇంట్లో, షాపులో తప్ప ఎవరికీ తెలీదనుకున్నాను. ఎప్పుడో మైకులో ఆ మాట కూడా అనే ఉంటాడు, ఈవిడ పట్టుకుంది. బావ గుప్పెడు కిందికి దిగింది. ఈసారి నోటికి ఏదీ అడ్డం పెట్టుకోకుండా, ఆవిడ మొహంలోకే చూస్తూ చెప్పాడు.

"వీధి మొదట్లో పైపు పగిలిందండి. మధ్యాహ్నం నుంచి నీళ్లు రావు. ఇప్పుడే పట్టి పెట్టుకోండి."

ముసలావిడ కళ్లు తెరిచి కూతురి వైపు తిరిగింది. "విన్నావా? ఇతనే. వెళ్లి బకెట్లు నింపు."

కూతురు లోపలికి వెళ్లింది. ఇంకో డెలివరీ ఉంది, ఆలస్యమవుతోందని నేను గుమ్మం దగ్గర నుంచి సైగ చేశాను. బావ చూడలేదు. లోపల కొళాయి తిప్పి, బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినపడేదాకా ఆ మంచం పక్కనే నిలబడ్డాడు.