మార్తమ్మ కాఫీడబ్బా మీద సుంకం

మా పోస్టుమాస్టరు రామసుబ్బయ్య గారు మొన్న తెల్లవారుజామున పరమపదించారు. పదేళ్లు ఆయన పక్క బల్ల దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. ఆ వార్త విన్నాక కూడా, తపాలా సంచీ విప్పుతూ "అయ్యా, ఇది చూడండి" అని పిలవబోయి ఆగిపోయాను.

నిష్కల్మష హృదయులు. కాగితం మీద ఆయనకున్న విశ్వాసం అచంచలం. ఎవరికే కష్టమొచ్చినా తానే కూర్చుని అర్జీ రాసిచ్చేవారు. "వివరంగా రాస్తే పైవాళ్లు చదవకుండా ఉంటారా నాయనా!" అనేవారు. ఒకసారి నేను నవ్వితే వారం రోజులు నాతో మాట్లాడలేదు.

కొత్త రాష్ట్రం వచ్చిన మరుసటేడు, బేస్తవారిపేట దగ్గరి పల్లె నుంచి మార్తమ్మ అనే కూలిమనిషి వచ్చింది. ఆమె భర్త ఏసోబు మిషను బంగళాలో వంట చేసినవాడు. అతను మంచాన పడ్డాడని తెలిసి, స్వదేశం వెళ్లిపోయిన దొరసాని కాఫీపొడి డబ్బా పంపింది. వేడినీళ్లలో వేస్తే కరిగిపోయే సీమపొడి. దాని మీద రేవులో వేసిన దిగుమతి సుంకం మార్తమ్మ నెల కూలిని మించిపోయింది. అది కడితేనే పార్సిలు ఇవ్వాలి.

"ఆయన ఇంకేందీ అడగడంలేదయ్యా. ఆ కాఫీ ఒక్క గుక్క తాగాలంటున్నాడు" అంది మార్తమ్మ.

అది అమ్ముకునే సరుకు కాదు, రోగికి పంపిన కానుక, సుంకం మాఫీ చేయండని గురువుగారు రెండు పుటల విన్నపం రాశారు. ముందే సుంకం కట్టి విడిపిస్తే విన్నపం చెల్లదు. అందుకని "ఓపిక పట్టమ్మా, జవాబు తప్పక వస్తుంది" అని ప్రతి శనివారం ఆమెను తిప్పి పంపారు.

నాలుగో వారం జవాబు వచ్చింది. వేసిన సుంకం వేసినట్టే కట్టవలెనట. ఆయన తన జీతంలోంచి కట్టి, డబ్బా చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు వెళ్లారు. ఏసోబును పూడ్చి అప్పటికి రెండు రోజులయింది.

"ఎండనబడి వచ్చినారు, కూసోండయ్యా" అంది మార్తమ్మ. మామూలు కాఫీలాగే ఆ పొడిని చాలాసేపు మరగబెట్టి గుడ్డలో వడగట్టింది. గుడ్డలో పిప్పి లేదు. దాన్ని తిప్పితిప్పి చూసి, "పొడి యాడికి పోయిందయ్యా? నేనేమన్నా చెడగొట్టినానా?" అంది.

ఆయన ఆ చేదంతా చివరి చుక్కదాకా తాగారు. "చెడగొట్టింది నేనమ్మా" అన్నారు. తరువాత ఎన్నడూ కాఫీ ముట్టలేదు. అర్జీలు రాయడం మాత్రం మానలేదు.

ఈ ఏడు ఆయనకే జబ్బు చేసింది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి ఖర్చు మంజూరు చేయండని నేను పైకి రాశాను. ఆయన నేర్పిన పద్ధతిలో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. నలుగురం చందాలు వేసుకుని బస్సెక్కించి ఉండవచ్చు. ఆ పని చేయలేదు. "మంజూరవుతుంది, ఓపిక పట్టండమ్మా" అని ఆయన భార్యకు చెబుతూ వచ్చాను.

మంజూరు కాగితం ఈ ఉదయం సంచీలో వచ్చింది. ఏం చేయాలో తోచక దాన్ని పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అమ్మగారు నన్ను చూసి, "ఎండనబడి వచ్చినావు, కూర్చో నాయనా" అన్నారు.

గురువుగారూ, మార్తమ్మ ముందు మీరు అనగలిగిన ఆ ఒక్క మాట నా నోట రాలేదు.