ప్రభు బల్ల మీద ఇత్తడి గ్లాసు

ఇవాళ ఆరాధన నుంచి వచ్చి ఇంకా అన్నం ముట్టలేదు. అంత అసహ్యంగా ఉంది.

మా సంఘ పెద్దగారు మొన్న గుడివాడ హోటల్లో తనకు విడిగా గ్లాసు పెట్టారని యజమానితో కలబడి వచ్చారు. అంటరానితనం నేరమంటూ చట్టం వచ్చిందని, పేపరు తెచ్చి మా అందరికీ చదివి వినిపించారు. నేనైతే చప్పట్లు కొట్టాను.

ఈ ఉదయం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్ల మీద చూస్తే, ఎప్పుడూ ఉండే వెండి గిన్నె పక్కన ఒక ఇత్తడి గ్లాసు ఉంది. మావాళ్ళు తమకంటే తక్కువని చూసే కాలవ అవతలి పేట నుంచి కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకట! వాళ్ళలో సలోమమ్మ అనే ముసలామెకు ఇదే మొదటి బల్ల. ఆమె లేచి నిలబడింది.

“ఈ గ్లాసెందుకండీ, పెద్దయ్యగారూ?”

“జబ్బులమ్మా. శుభ్రం కోసం పెట్టించాను.”

“పోయిన వారం మీ కోడలుగారూ నేనూ బాప్తిస్మానికి ఒకే కాలవలో మునిగాం గదండీ. అప్పుడంటుకోని జబ్బు ఇప్పుడంటుకుద్దా?”

ఆమె కొంగు సర్దుకుని, రొట్టె కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

అంటరానితనం మీద ఇన్ని కరపత్రాలు చదివిన నేనేం చేశానంటారా? వెండి గిన్నె నా దాకా వస్తే కళ్ళు మూసుకుని తాగాను. బయటికొచ్చాక మాత్రం పెద్దయ్య మీద గొంతు పోయేలా అరిచాను. అప్పటికి సలోమమ్మ కాలవ దాటేసింది.

నన్ను తిట్టాలనుకున్నవాళ్ళు తిట్టండి, పడతాను. కానీ ముందు మీ సంఘంలో బల్ల మీద ఎన్ని గిన్నెలున్నాయో ఒకసారి చూసొచ్చి తిట్టండి.